హ్యాండిల్ తిప్పేటోళ్ళను అడిగిన్రా?

టెర్రీ టవల్ లూమ్‌కు రెండు బీములుంటాయని మన ఇళ్ళల్లో చిన్న పిల్లలకు కూడా తెలుసు. కింద గ్రౌండ్ బీము, పైన పైల్ బీము. టవల్ మీద లేచి కనిపించే ఉంగరాల పోగులన్నీ పై బీము నుంచే వస్తాయి. ఉంగరం తిరగాలంటే పోగు పొడుగు ఎక్కువ కావాలి. కింది నూలు ఒక మీటరు నడిచేలోపల పై నూలు మూడు నాలుగు మీటర్లు పోతుంది. అందుకని చాలా లూముల మీద ముందుగా ఖాళీ అయ్యేది పై బీమే. ఎక్కువ సార్లు మార్చాల్సిన బీము, ఎక్కువ ఎత్తుకు ఎక్కించాల్సిన బీము ఒక్కటే అయ్యింది. మన నడుముల కష్టమంతా అక్కడే ఉంది.

"కాకా, నడుము ఎట్లుంది?" అని అడిగితే, "పై బీము ఎక్కించిన రాత్రి అడుగు బిడ్డా" అనేవాళ్ళు మన వాడల్లో ఇంటికొకరు దొరుకుతారు. ఇంట్లో జండూబామ్ సీసా ఎప్పుడు ఖాళీ అవుతుందో ఆడోళ్ళకు తెలుసు, బీము మార్చిన లెక్క కూడా దానితోనే తెలుస్తుంది.

లెక్కకు నిండు బీము 200 కిలోలు అనుకుందాం. మీ లూమును బట్టి ఇది ఎక్కువ తక్కువ కావచ్చు. నలుగురు భుజం పెడితే తలా 50 కిలోలు. ఇది కాగితం మీది లెక్క. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరిలో ఒకరు పొడుగు, ఒకరు పొట్టి అయితే బరువు పొడుగాయన భుజం మీదనే కూర్చుంటుంది. బీము ఒక పక్కకు వంగితే కిందికున్న కొస పట్టినోళ్ళ పని అయిపోయినట్టే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో ఒక సిఫారసు చేసింది, మగవాడు మోసే బరువు 55 కిలోలు దాటకూడదని. అమెరికా వాళ్ళ లెక్క ఇంకా తక్కువ, 23 కిలోలు. అది కూడా బరువు ఒంటికి దగ్గరగా, నడుము ఎత్తులో ఉండి, మనిషి నిటారుగా నిలబడి, ఒళ్ళు తిప్పకుండా ఎత్తితేనే. రెండు లూముల మధ్య సందులో, ఒక కాలు ఫ్రేము మీద, ఒక కాలు నేల మీద పెట్టి ఎత్తే మన వాళ్ళకు ఆ "అయితేనే" ఒక్కటి కూడా కుదరదు.

మన దేశపు పాత 1948 ఫ్యాక్టరీల చట్టంలో 34వ సెక్షన్ కూడా దెబ్బ తగిలేంత బరువు మనిషి చేత ఎత్తించకూడదనే రాసింది. ఆ చట్టం గడప దాటి లోపలికి రాని చిన్న కార్ఖానాలు మన దగ్గర ఎన్నో ఉండేవి. చట్టం రాకపోయినా లోపల పనిచేసే వెన్నుపూస మాత్రం పెద్ద మిల్లులో ఉన్నటువంటిదే.

సరే, బీము ఎత్తే ట్రాలీలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. కాలితో తొక్కితే లేచే హైడ్రాలిక్‌వి ఉన్నాయి, చైన్ పుల్లీ కట్టుకున్నోళ్ళు ఉన్నారు, వెల్డింగ్ దుకాణంలో చేయించుకున్న విన్చ్ ట్రాలీలు ఉన్నాయి. ఈ చివరివి చవక. నాలుగు చక్రాల బండి, నిలువు కంబం, పైకీ కిందికీ జారే రెండు చేతులు, ఇనుప తాడు, తాడు చుట్టుకునే డ్రమ్ము, డ్రమ్మును తిప్పే హ్యాండిల్, అంతే. నేను ఈ నెల రాయాలనుకున్నది ఆ హ్యాండిల్ ఒక్కదాని గురించే. ఎందుకంటే ఇలాంటి ట్రాలీ ఒకటి ఒక కార్ఖానా మూలన చింది మూటల కింద పడి ఉండటం చూశాను. చెడిపోలేదు, బరువు ఎత్తుతుంది. అయినా నలుగురూ మళ్ళీ భుజమే పెడుతున్నారు. "దాంతో పెట్టుకుంటే చేతులు పోతయ్, నడుము పోతది, దీంతో నడుము ఒక్కటే పోతది" అన్నారు. నవ్వులాటకు అన్నట్టుంది గానీ అందులో ఇంజినీరింగ్ అంతా ఉంది.

ఆ ట్రాలీ హ్యాండిల్ 15 సెంటీమీటర్ల పొడుగు. బండి వెడల్పులో దాచుకునేటట్టు చిన్నగా చేశారు. ఇరుసు మోకాలి దగ్గర ఉంది, డ్రమ్మును అక్కడ బిగిస్తే వెల్డింగ్‌కు సులువు కాబట్టి. పట్టుకునే చోట ఉత్త సళాక. తిప్పేటప్పుడు వేళ్ళ కణుపులు కంబానికి రాసుకుంటాయి. చేసిన మనిషిని తప్పు పట్టలేం. ఆయనకు అందిన ఆర్డరు "రెండు వందల కిలోలు లేవాలె" అని మాత్రమే. అవి లేస్తాయి. లేపే మనిషి గురించి ఆర్డరులో ఒక్క ముక్క లేదు.

ఇప్పుడు కొంచెం లెక్క. పిల్లలు దగ్గరుంటే వాళ్ళ చేత చేయించండి, ఎనిమిదో తరగతి లెక్కే. తాడు చుట్టుకునే డ్రమ్ము మధ్య నుంచి అంచు వరకు 4 సెంటీమీటర్లు. గేరు ఒకటికి నాలుగు, అంటే హ్యాండిల్ నాలుగు చుట్లు తిరిగితే డ్రమ్ము ఒక చుట్టు. హ్యాండిల్ 15 సెంటీమీటర్లు అయితే మన బలం 15ను 4తో భాగించి, 4తో గుణించినన్ని రెట్లు పెరుగుతుంది. అంటే 15 రెట్లు. 200 కిలోలకు చేతి మీద 13 కిలోల పైచిలుకు. గేరు పళ్ళ రాపిడి, తాడు రాపిడి కలిపి మూడో వంతు దాకా మింగుతాయి కాబట్టి చివరకు 19 కిలోల దగ్గర పడుతుంది. మోకాలి దగ్గర వంగి, 19 కిలోలు, చుట్టు తర్వాత చుట్టు. మూలన పడేయక ఏం చేస్తారు?

అదే ట్రాలీకి, అదే గేరుకు, హ్యాండిల్ ఒక్కటి 30 సెంటీమీటర్లు చేస్తే? 19 సగమై తొమ్మిదిన్నర అవుతుంది. గేరు మార్చలేదు, డ్రమ్ము మార్చలేదు. ఒక జానెడు ఇనుము కలిపాం, అంతే. బీము 120 సెంటీమీటర్లు లేవాలంటే ముందూ 19 చుట్లే, ఇప్పుడూ 19 చుట్లే. కాకపోతే చెయ్యి నడిచే దూరం రెట్టింపయ్యింది. బలంలో మిగిల్చింది దూరంలో కట్టాల్సిందే, అందులో ఎవరూ మోసం చెయ్యలేరు. నిమిషానికి 30 చుట్ల నిదానంతో తిప్పినా 40 సెకన్లలో బీము పైన ఉంటుంది.

అట్లయితే హ్యాండిల్‌ను ఇంకా పొడుగు చేద్దాం, అర మీటరు చేద్దాం అనిపిస్తుంది. అక్కడే మనిషి కొలత అడ్డం వస్తుంది. హ్యాండిల్ గీసే గుండ్రం దాని పొడుగుకు రెట్టింపు ఉంటుంది. అర మీటరు హ్యాండిల్ అయితే మీటరు గుండ్రం, చెయ్యి పైకి పోతే భుజం దాటుతుంది, కిందికొస్తే నడుము వంగుతుంది. మన దగ్గర సగటు మగమనిషి 165 సెంటీమీటర్లు, ఆడమనిషి 152 సెంటీమీటర్ల దగ్గర ఉంటారు. నిలబడితే మోచెయ్యి ఆయనకు 103, ఆమెకు 95 సెంటీమీటర్ల ఎత్తులో వస్తుంది. ఇరుసును నేల నుంచి 95 సెంటీమీటర్ల దగ్గర పెట్టి, 30 సెంటీమీటర్ల హ్యాండిల్ బిగిస్తే పిడి 65 నుంచి 125 మధ్య తిరుగుతుంది. పైన భుజం దాటదు, కింద వంగాల్సిన పని లేదు. ఇద్దరికీ సరిపోతుంది. డ్రమ్ము కిందనే ఉండాలంటే ఉండనివ్వండి, సైకిల్ చైన్ లాంటిది వేసి తిప్పే ఇరుసును పైకి తెచ్చుకోవచ్చు. వెల్డింగాయన "ఖర్చు పెరుగుతది" అంటాడు. పెరుగుతుంది. పెట్టించండి.

తొమ్మిదిన్నర కిలోలు కూడా బరువే అనిపిస్తే గేరును ఒకటికి ఎనిమిది చేసుకోవచ్చు. అప్పుడు 5 కిలోలకు దిగుతుంది, చుట్లు 38 అవుతాయి. ఇక్కడ సేట్ల వైపు నుంచి ఒక మాట వస్తుంది, "టైమ్ పోతది". ముక్క కూలి మీద బతికేవాళ్ళకు కూడా అదే భయం, లూమ్ ఆగితే కూలి ఆగుతుంది. కానీ లెక్క ఒక్క లూముది తీస్తే కాదు. భుజం పెట్టాలంటే పక్క లూముల మీది ముగ్గురిని పిలవాలి, వాళ్ళు వచ్చేదాకా నిలబడాలి, వాళ్ళ లూములు ఆపాలి. ఒక్క మనిషి నిమిషంన్నరలో ఒంటరిగా ఎక్కించగలిగితే ఎవరి టైమ్ పోయింది? ఖాళీ బీము దించేటప్పుడు మాత్రం ఇన్ని చుట్లు విసుగు. దానికి రెండు ఇరుసుల విన్చ్‌లు దొరుకుతాయి, హ్యాండిల్ తీసి ఒక దాంట్లో పెడితే బరువుకు, ఇంకో దాంట్లో పెడితే వేగానికి. చేతులతో మనిషి ఆగకుండా ఇవ్వగలిగే శక్తి పాత సీలింగ్ ఫ్యాన్ కాల్చే కరెంటు అంతే, ఇంకా తక్కువే. దాన్ని ఎట్లా పంచుకోవాలన్నదే ప్రశ్న.

పిడి దగ్గరికి వద్దాం. చేతికి బొబ్బలు ఎందుకొస్తాయి? సళాక హ్యాండిల్‌తో పాటు తిరుగుతుంది, అరచెయ్యి తిరగదు. చుట్టు చుట్టుకూ తోలు మీద ఒక రాపిడి. సళాక మీద వదులుగా తిరిగే ఒక గొట్టం తొడిగితే ఆ రాపిడి లోపలికి పోతుంది, అరచెయ్యి పట్టిన చోటే ఉంటుంది. కట్టెదైతే మంచిది, నైలాన్ అయినా సరే, చలికాలం పొద్దున షిఫ్టులో ఇనుము పట్టుకునే పని తప్పుతుంది. మందం మూడు నుంచి నాలుగు సెంటీమీటర్లు. దానికంటే సన్నగా ఉంటే వేళ్ళు గోళ్ళ దాకా ముడుచుకుని గట్టిగా పిసకాలి, లావుగా ఉంటే పట్టు చిక్కదు. పొడుగు ఒక చేతికైతే 12 సెంటీమీటర్లు, రెండు చేతులూ వెయ్యాలంటే 25. కంబానికీ పిడికీ మధ్య పిడికిలి పట్టి ఇంకా నాలుగు వేళ్ళు సందుండాలి.

కొసన నట్టు బయటికి పొడుచుకొని ఉండొద్దు. దీన్ని చిన్న మాట అనుకోవద్దు. మన అక్కలకు కొంగు ఉంటుంది, మన అన్నలకు మెడలో తువ్వాల ఉంటుంది, తిరిగే నట్టుకు ఈ రెండూ ఇష్టం. ఇంకోటి, మన కార్ఖానాల్లో నడిచే దారి సన్నం. ముప్పై సెంటీమీటర్ల హ్యాండిల్ బయటికి చాచుకొని ఉంటే పోయేవాళ్ళ తొడకు తగులుతుంది, రెండో రోజు ఎవరో ఒకరు కోపంతో కోసేస్తారు. మడిచి పెట్టేటట్టు గానీ ఊడదీసేటట్టు గానీ చేయించండి. ఊడదీసేదైతే ఒక గొలుసుతో ట్రాలీకే కట్టండి, లేకపోతే అది పిల్లల ఆటకు పోతుంది.

ఇంతవరకు చెప్పింది నొప్పి సంగతి. ఇప్పుడు చెప్పేది ఎముక సంగతి.

చవక విన్చ్‌లో ఒక పళ్ళ చక్రం, దానికి అడ్డుపడే ఒక నాలిక ఉంటాయి. బీము ఎక్కించేటప్పుడు నాలిక టక్ టక్ మని పళ్ళ మీద పడుతూ వెనక్కి రాకుండా ఆపుతుంది. అందరూ ఆ చప్పుడు విని ధైర్యంగా ఉంటారు. దించేటప్పుడు? నాలికను ఎత్తాలి. ఎత్తిన క్షణం నుంచి 200 కిలోల బీము మొత్తం మీ చేతిలోని హ్యాండిల్‌ను వెనక్కి తిప్పాలని చూస్తుంది. చెమట చెయ్యి జారిందా, హ్యాండిల్ ఫ్యాన్ రెక్కలా తిరుగుతుంది. పట్టుకుందామని చెయ్యి పెట్టడం మనిషి సహజం. మణికట్టు విరిగేది అక్కడే, దవడ పగిలేది అక్కడే. మోటారు కార్లను ముందు హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసే రోజుల్లో కూడా ఇంజిన్ ఎదురు తన్ని చేతులు విరిగేవి. అందుకే బొటనవేలును కూడా మిగతా వేళ్ళ వైపే పెట్టి పట్టుకోమని నేర్పేవాళ్ళు, పొలం డీజిల్ ఇంజిన్ తిప్పినవాళ్ళకు ఇది గుర్తుంటుంది. 1912లో కాడిలాక్ కార్లకు కరెంటు స్టార్టర్ వచ్చిందంటే డబ్బున్నోళ్ళ సుఖానికే కాదు, ఆ ఎదురు తన్ను భయం కూడా దాని వెనక ఉంది.

బరువెత్తే విన్చ్‌కు దీని విరుగుడు దొరుకుతుంది, ఆటోమేటిక్ బ్రేకు విన్చ్ అని అడగండి. ఇందులో బరువే రాపిడి బిళ్ళలను నొక్కి పట్టుకుంటుంది. ఎక్కడ వదిలితే అక్కడ ఆగుతుంది. దించాలన్నా హ్యాండిల్‌ను వెనక్కి తిప్పుతూనే ఉండాలి, చెయ్యి తీస్తే ఆగిపోతుంది. అంటే హ్యాండిల్‌ను మనం తిప్పగలం, అది మనల్ని తిప్పలేదు. మిగతా కొలతల్లో అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు, ఇందులో మాత్రం సర్దుబాటు వద్దు. వార్మ్ గేరు వేసినవి కూడా చాలావరకు అట్లాగే నిలబడతాయి, కానీ అందులో సగానికి సగం బలం రాపిడికి పోతుంది, చుట్లు ఎక్కువవుతాయి. జాబర్ అన్నలకు ఒక మనవి. నూనె డబ్బా చేతికొస్తే మీరు ఆగరు, లూముకు అది పుణ్యమే. బ్రేకు బిళ్ళలకు మాత్రం నూనె పొయ్యకండి. అవి పొడిగా ఉంటేనే పట్టుకుంటాయి. గేరు పళ్ళకు పెట్టండి, పిడి గొట్టం లోపల పెట్టండి, అక్కడితో డబ్బా కింద పెట్టండి.

మనిషి శరీరం నుంచి మొదలుపెట్టి యంత్రం చెయ్యడం మన వాళ్ళకు కొత్త కాదు. 1929లో అఖిల భారత చర్ఖా సంఘం మంచి రాట్నం కనిపెట్టినవాళ్ళకు లక్ష రూపాయల బహుమతి పెట్టింది. ఆనాటి లక్ష! షరతుల్లో నూలు ఎంత రావాలన్నది ఉంది, ధర 150 రూపాయలు దాటొద్దని ఉంది, 20 ఏళ్ళు నడవాలని ఉంది. వాటితో పాటు ఒక ఆడమనిషి పెద్ద ప్రయాస లేకుండా 8 గంటలు తిప్పగలగాలి అని కూడా ఉంది. లక్ష రూపాయల పందెంలో తిప్పే ఆమె అలసట ఒక షరతు. బహుమతి చివరకు ఎవరికీ దక్కలేదు, షరతులు అంత కఠినం. అయినా ఆ షరతుల కాగితం ఇప్పటికీ నాకు మన వెల్డింగ్ ఆర్డర్ల కంటే పెద్దగానే కనిపిస్తుంది.

మన కులపు బిడ్డ చింతకింది మల్లేశం ఆసు యంత్రం కథ మీ అందరికీ తెలుసు, సినిమా కూడా వచ్చింది. ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మమ్మ ఒక్క చీర ఆసుకు చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ ఆడించేది. ఆమె భుజం నొప్పి చూసి ఏళ్ళ తరబడి కష్టపడి 1999లో యంత్రం పూర్తి చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. పేరు లక్ష్మీ ఆసు యంత్రం. పద్మశ్రీ గురించి అందరూ మాట్లాడతారు. నాకు నచ్చేది ఆయన మొదలుపెట్టిన చోటు. చీరలు ఎన్ని ఎక్కువ వస్తాయన్నది తర్వాత, అమ్మ భుజం ముందు.

ట్రాలీ చేయించేటప్పుడు ఇదే వరస పాటించమని నేనంటున్నా. సేట్ ఒక్కడే వెల్డింగ్ దుకాణానికి పోవద్దు, బీము ఎక్కించే ఇద్దరిని తోలుకపోవాలి, అందులో ఒకరు పొట్టివాళ్ళయితే ఇంకా మంచిది. రంగు వెయ్యకముందే, పైసలు మొత్తం ఇవ్వకముందే, నిజమైన నిండు బీము పెట్టి తిప్పించి చూడాలి. ఒక్కసారి తిప్పితే ఏ హ్యాండిల్ అయినా బాగానే ఉంటుంది. మూడుసార్లు వరసగా ఎక్కించి దించమనండి. మూడోసారి మాట్లాడుతూ తిప్పగలిగితే సరే. మాట ఆగిపోయి పళ్ళు బిగబడితే గేరు చాలలేదు, మడమలు లేస్తుంటే ఇరుసు ఎత్తు ఎక్కువైంది, రెండో చెయ్యి నడుము మీదికి పోతుంటే తక్కువైంది. సగం ఎత్తులో చెయ్యి తీసెయ్యమనండి, బీము కింద ఎవరూ లేనప్పుడే. కదలకుండా నిలబడాలి. వేలెడు జారినా ఆ ట్రాలీ తీసుకోవద్దు. ఎన్ని కిలోల వరకో కంబం మీద పెద్ద అక్షరాలతో రాయించండి, తెలుగులో, మరాఠీలో. తాడునూ కొక్కేన్నీ ఏడాదికోసారి తెలిసినవాడికి చూపించాలని పాత ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ చెప్పింది. మనం దసరాకు ఆయుధ పూజ ఎట్లాగూ చేస్తాం, కుంకుమ పెట్టే ముందు తాడులో తెగిన పోగులున్నాయా అని ఒక పాత గుడ్డతో తుడిచి చూడండి. తెగిన పోగు గుడ్డకు తగులుకుంటుంది. ఒట్టి చేత్తో మాత్రం తడమొద్దు.

ఇంట్లో కండెలు చుట్టే రాట్నానికి కూడా ఇవే కొలతలా అని కొందరు అక్కలు అడిగారు. కావు. అది కూర్చుని తిప్పేది, బరువు లేదు, వేగం కావాలి, హ్యాండిల్ ఇంకా చిన్నదుండాలి, పీట ఎత్తు సంగతి వేరే ఉంది. అది వచ్చే నెల రాస్తాను. అప్పటిదాకా మీ పీట ఎత్తు, రాట్నం ఇరుసు ఎత్తు, టేపుతో కొలిచి చీటీ మీద రాసి పంపండి.